చిన్న వ్యాపారం నడపడం – 6వ పాఠం: ఏ పని బయటికి ఇవ్వాలి?

గత పాఠంలో మీ సంస్థలో నెలనెలా జరిగే పనులన్నీ, ఒక్కోదానికి అయ్యే ఖర్చుతో సహా ఒక కాగితం మీద రాశారు. ఈసారి ఆ కాగితంతోనే పని. వాటిలో ఏవి మన మనుషులే చేయాలి, ఏవి బయటి సంస్థకు అప్పగించవచ్చు అన్నది తేల్చుకోవడం నేర్చుకుందాం.

ఇలా పనిని బయటి సంస్థకు అప్పగించడాన్నే అవుట్‌సోర్సింగ్ అంటారు. బెంగళూరులో ఉండే మనకు ఆ మాట అనగానే ఐటీ కంపెనీలే గుర్తొస్తాయి. అమెరికా పని ఇక్కడికి వస్తే చాలు, అది అవుట్‌సోర్సింగే అనుకుంటాం. కానీ 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా చిప్‌ల కంపెనీ ఇక్కడ కేంద్రం పెట్టినప్పుడు పని దేశం దాటిందే గాని కంపెనీ దాటలేదు. చేసినవాళ్లు ఆ కంపెనీ ఉద్యోగులే. 1989లో అమెరికాలో కెమెరా ఫిల్ములు చేసే కోడాక్ తన డేటా సెంటర్లను (కంపెనీ కంప్యూటర్లు నడిచే చోట్లను) ఐబీఎం అనే కంప్యూటర్ల కంపెనీకి అప్పగించింది. అక్కడ పని కంపెనీ దాటింది. మన పాఠం ఈ రెండో రకం గురించి. కోడాక్‌కు కంప్యూటర్లు అవసరమే, కానీ వాటిని బాగా నడుపుతుందని ఎవరూ దాని ఫిల్ము కొనరు కదా.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. మారతహళ్లిలో పచ్చళ్లు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే 25 మంది సంస్థ ఉందనుకోండి. జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను కలిపి నెలకు నాలుగైదు రోజుల పని. దానికే ఒక మనిషిని పెడితే 30,000 అనుకుందాం. బయటి సంస్థ తలకు 200 చొప్పున అడిగితే 5,000, 18 శాతం జీఎస్టీతో 5,900. వాళ్లకెలా గిట్టుబాటవుతుంది? అదే మనిషి, అదే సాఫ్ట్‌వేర్ ఎన్నో సంస్థలకు పనిచేస్తాయి కాబట్టి. తక్కువ జీతాల కోసమే కంపెనీలు పని బయటికి ఇస్తాయనేవాళ్లు ఈ సంగతి గమనించరు.

అయితే 5,900తో లెక్క పూర్తికాదు. ధరలు తెలుసుకోవడం, బేరమాడి ఒప్పందం చేసుకోవడం కూడా ఖర్చేనని రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1937లోనే రాశారు. పనిని కనిపెట్టుకుని ఉండడమూ ఖర్చే. హాజరు వివరాలు పంపడానికి, వచ్చిన లెక్క సరిచూడడానికి మీకు పట్టే గంటలు కూడా కలపండి. పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టాలి. బయటి సంస్థ ఆలస్యం చేసినా వడ్డీ, జరిమానా పడేది మీ మీదే. కాబట్టి చలానా రసీదు ప్రతి నెలా మీ కళ్లతో చూడండి.

కస్టమర్ల ఫోన్ల సంగతి వేరు. వాటిని బయటికి ఇవ్వొద్దని గట్టిగా చెబుతాను. "ఆవకాయలో ఉప్పు ఎక్కువైందండీ" అని ఒకే వారంలో ముగ్గురు ఫోన్ చేశారనుకోండి. మన అమ్మాయి ఫోన్ ఎత్తితే, రెండో కాల్‌కే లేచి వంటగదికి వెళ్లి ఆ జాడీ ఎప్పుడు కలిపారని అడుగుతుంది. బయటి కాల్‌సెంటర్‌కు డబ్బు వచ్చేది కాల్‌కింత చొప్పున. వాళ్లు మర్యాదగానే క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు రాసి, మూడు ఫిర్యాదులూ పరిష్కారమయ్యాయని పంపుతారు. జాడీలో ఉప్పు అలాగే ఉంటుంది. పాళ్లు కలిపే పని గురించైతే ఆలోచించనే వద్దు.

ప్యాకింగ్‌కు కాంట్రాక్టరు ద్వారా మనుషులను తీసుకునేవాళ్లకు ఒక మాట. అతను కూలి ఇవ్వకపోతే మీరే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ నియమం ఉంది. పీఎఫ్ ఎగ్గొట్టడానికే కాంట్రాక్టరును పెట్టుకోవడం పనిచేసేవాళ్ల కడుపు కొట్టడమే. ఆ దారి ఈ పాఠాల్లో నేర్పను.

అభ్యాసం: కాగితం మీది ప్రతి పని ఎదుటా రెండు జవాబులు రాయండి. ఈ పని బాగా జరిగిందో లేదో బయటివాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీలో రాసి ఇవ్వగలరా? చేస్తున్న సంస్థ రేపే మానేస్తే ఎన్ని రోజుల్లో తిరిగి మొదలుపెట్టగలరు? మొదటిదానికి "లేను" అని వచ్చిన పనులు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి. రెండోదానికి నెల దాటిన పనుల కింద గీత గీయండి. వచ్చే పాఠంలో ఒప్పందం రాయడం వాటితోనే మొదలుపెడదాం.