ముక్కూమొహం తెలియనివాళ్లకు థ్యాంక్స్ ఎలా చెప్పాలి

దారిలో ఎవరైనా సాయం చేస్తే చాలామంది "థ్యాంక్సండీ" అని గొణుగుతూ కదిలిపోతారు. అవతలివాళ్లకు అది వినపడనే వినపడదు. ఒక్క క్షణం ఆగండి. ఇయర్‌ఫోన్ తీసి, మొహంలోకి చూసి, వాళ్లు చేసిన పనేంటో చెప్పండి: "మీరు పిలిచి ఇవ్వకపోతే ఈ ఫైలు పోయేదండీ, చాలా థ్యాంక్స్." అంతే చాలు. పొగడ్తలు పెంచితే వాళ్లకే ఇబ్బంది. "అయ్యో, మీకు శ్రమ ఇచ్చాను" అని పదేపదే అంటే, వాళ్లే మిమ్మల్ని సముదాయించాల్సి వస్తుంది.

వెంటనే పర్సు తీయకండి, మంచితనానికి కూలి కట్టినట్టుంటుంది. వాళ్ల చేతి డబ్బు ఖర్చయితే మాత్రం అడిగి అంతా ఇచ్చేయాలి. అడగకుండా ఫొటో తీయొద్దు.

డ్యూటీలో ఉన్నవాళ్లయితే పేరు, తేదీ, సమయం రాసుకుని, అదే రోజు వాళ్ల పైఅధికారికి రెండు లైన్లు పంపండి. ఫిర్యాదులే చేరే చోట మెచ్చుకోలుకు విలువెక్కువ.

మొహమాటమా? 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతగా ఉత్తరాలు రాసినవాళ్లు అవతలివారి సంతోషాన్ని తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా ఊహించుకున్నారు. గొంతు కాస్త తడబడినా చెప్పేయండి.