ముగ్గు స్టెన్సిల్, బెండకాయ అచ్చు, గ్లిటర్‌తో సంక్రాంతి కార్డు

అట్ట దగ్గర పిసినారితనం వద్దు. 250 జీఎస్ఎంకి (చదరపు మీటరు అట్ట బరువు, గ్రాముల్లో) తగ్గని ఐవరీ షీటు, ఏ4 సైజుది తీసుకోండి. పలచని చార్టు తడి తగలగానే వంకర తిరుగుతుంది. షీటును సగానికి కోసి ఒక్కో ముక్కను మడిస్తే 105 × 148 మి.మీ. కార్డులు రెండు వస్తాయి. మడిచే ముందు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒకసారి గట్టిగా గీస్తే మడత నిటారుగా పడుతుంది.

స్టెన్సిల్‌కు ఓహెచ్‌పీ షీటు, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, మంచిది. కింద ముగ్గు బొమ్మ పెట్టి, పైనుంచి కొత్త బ్లేడు వేసిన కట్టర్‌తో కోయండి. వంపు వచ్చినచోట కట్టర్‌ని కాదు, షీటును తిప్పాలి. మెలికల ముగ్గు జోలికి పోకండి. గీతలు చుక్కల చుట్టూ తిరిగి కలుస్తాయి కాబట్టి మధ్య ముక్కలు ఊడి వచ్చేస్తాయి. తామర రేకుల ముగ్గయితే రేకుకూ రేకుకూ నడుమ 2 మి.మీ. వదిలితే చాలు. అక్షరాలతోనూ ఇదే చిక్కు: ‘సంక్రాంతి’ అని కోస్తే సున్నల లోపలి బిళ్లలు రాలిపోతాయి. ప్రతి సున్నకూ రెండు వైపులా సన్నని వంతెనలు ఉంచండి.

స్టెన్సిల్ పని చెడేది ఎక్కువగా రంగు దగ్గరే. ఆక్రిలిక్ రంగులో నీళ్లు కలపొద్దు. గిన్నెలు తోమే స్పాంజి నుంచి చిన్న ముక్క కోసి, రంగులో తాకించి, ముందు చిత్తుకాగితం మీద అద్దండి. మచ్చ దాదాపు పొడిగా పడుతున్నప్పుడే కార్డు మీదికి రండి. రుద్దకూడదు, నిలువుగా తట్టాలి. అంచుల కిందికి రంగు పాకిందంటే స్పాంజి తడిగా ఉన్నట్టే. ఒకేసారి చిక్కగా వేయడం కన్నా పలచగా రెండు పూతలు మేలు. స్టెన్సిల్‌ను నేరుగా పైకెత్తి, అడుగు తుడిచాకే తర్వాతి కార్డు మీద పెట్టండి.

చుట్టూ పూలకు బెండకాయ చాలు. కాస్త ముదురుదైతే అచ్చు గట్టిగా నిలుస్తుంది. ఒక్క వేటుతో అడ్డంగా కోసి, గింజలు దులిపి, కోసిన వైపు పాత బట్ట మీద బోర్లించి పావుగంట ఉంచండి. ఆ జిగట పోకపోతే రంగు పట్టదు. రంగులో ముంచితే గదులు పూడిపోయి పువ్వు బదులు ముద్ద పడుతుంది, అందుకే బ్రష్‌తో పలచగా రాయాలి. కార్డు కింద న్యూస్‌పేపరు మడత వేసి, కదపకుండా నొక్కి ఎత్తేయండి. అంచు మెత్తబడితే పలచని చక్రం కోసేస్తే మళ్లీ కొత్త అచ్చే. కొన వైపు పోయేకొద్దీ పూలు చిన్నవవుతాయి, మూలలకు అవి బాగుంటాయి. ముగ్గు చుక్కలకు పెన్సిలు వెనకున్న రబ్బరు సరిపోతుంది.

గ్లిటర్ ఎప్పుడూ ఆఖరునే, రంగు పూర్తిగా ఆరాకే. లోపలి రాత కూడా అంతకుముందే ముగించండి, తర్వాత కార్డును బోర్లించి రాస్తే మెరుపులు రాలిపోతాయి. ముందు కార్డంతా టాల్కం పౌడరు పలచగా రాసి దులపండి, అక్కరలేని చోట గ్లిటర్ అంటదు. సన్నమూతి సీసాతో ఫెవికాల్ చుక్కలు పెట్టి, అది తడిగా ఉండగానే గ్లిటర్ ధారాళంగా చల్లండి. మిగిలింది మడత పెట్టిన కాగితంలోకి వంచితే సీసాలోకి వెనక్కి పోయవచ్చు. జిగురు మందమైతే గ్లిటర్ అందులో మునిగి మెరుపు తగ్గుతుంది, అట్ట కూడా ముడతపడుతుంది. రెండో రంగు గ్లిటర్ మొదటిది ఆరాకే. మా మాట వింటే చుక్కలకే పెట్టండి, రేకులన్నిటికీ చల్లితే ముగ్గు కనపడదు.

ఫ్యాను ఆపి రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పొడి బ్రష్‌తో దులపండి. కవరు 114 × 162 మి.మీ.ది సరిపోతుంది, పెట్టేముందు ముఖం మీద ఒక బటర్ పేపరు వేయండి.