మందిరానికి కొత్తవారు వచ్చినప్పుడు

ఒంగోలు దగ్గర మా మందిరంలో పదకొండేళ్లుగా ఆదివారం ఉదయం గుమ్మం దగ్గర నిలబడేది నేనే. ఈ పని కొత్తగా చేపట్టే అక్కచెల్లెళ్ల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. "నన్ను చేర్చుకొంటిరి" అంటాడు ప్రభువు, మత్తయి 25లో. రోమా 15:7లోనూ అదే మాట: క్రీస్తు మనల్ని చేర్చుకున్నట్టు మనమూ ఒకరినొకరం చేర్చుకోవాలి. పిలవడం వేరు, చేర్చుకోవడం వేరు. నేను కోడలిగా ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఒక సంఘంలో మూడు ఆదివారాలు కూర్చున్నాను. అందరూ వందనాలు చెప్పారు, ఒక్కరూ నా పేరు అడగలేదు.

కాబట్టి ఆరాధనకు అరగంట ముందే వెళ్లండి. వందనాలు చెప్పి, మీ పేరు చెప్పి, వారి పేరు అడగండి. అక్కడితో ఆపండి. ఏ ఊరు, ఏ పేట, ఇంటిపేరు ఏమిటి అని వరుసగా అడగవద్దు. అది కులం ఆరా తీసినట్టే ఉంటుంది. చాలాసార్లు ఆరా తీయడమే. మన చరిత్ర గుర్తు చేసుకోండి. ఈ ప్రాంతపు మాదిగల్లో తొలి విశ్వాసుల్లో ఒకరైన యెర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు వచ్చినప్పుడు, వాళ్లను చేర్చుకుంటే మేము దూరమవుతామని పై కులాలవారు ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారికి కబురు చేశారు. ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలోని అవే వచనాలు కనిపించాయని చెబుతారు. ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే వచనాలు. ఆయన తలుపు మూయలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవాళ్ల బిడ్డలం మనం.

కూర్చోబెట్టేటప్పుడు యాకోబు రెండో అధ్యాయం మరవవద్దు. కారులో వచ్చినవారికి కుర్చీ, కూలికి చెప్పుల పక్కన చాప అనే తేడా రానివ్వకండి. బొట్టుతో వచ్చిన అమ్మాయిని ఎవరూ గుచ్చి చూడకుండా మీరే పక్కన కూర్చోండి. పాటల పుస్తకం చేతిలో పెట్టి వెళ్లిపోకుండా ఇద్దరూ కలిసి పట్టుకోండి, సంఖ్య చూపించండి. కానుక సంచి వచ్చేముందు, ఇవ్వకపోయినా ఫర్వాలేదని మెల్లగా చెప్పండి.

నిరుడు మిరప కోతల కాలంలో కూలికి వచ్చిన ఒక అమ్మ గుమ్మం బయటే నిలబడింది. చెయ్యి చాపితే వెనక్కి తీసుకుంది. "వద్దమ్మా, కారం అంటుకుంటుంది" అంది. వేళ్ల కొసలు ఎర్రగా ఉబ్బి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయి ఉంది. రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ప్రార్థనలో కళ్లు తుడుచుకుంటే నాకూ మంట పుట్టింది. ఆరాధన అయ్యాక కొబ్బరినూనె తెచ్చి ఆమె వేళ్లకు రాశాను. ఇప్పుడు కోతల నెలల్లో బల్ల మీద నూనె సీసా ఉంచుతున్నాను. మీరూ ఉంచండి.

ఇంటికి వెళ్లగానే కొత్తవారి పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. శనివారం రాత్రి ఒకసారి చదువుకోండి. మరుసటి ఆదివారం గుమ్మంలోనే పేరు పెట్టి పిలవండి.