షెల్ స్క్రిప్టులో టెక్స్ట్ ఫైల్‌ని ఒక్క లైన్ కూడా పోకుండా చదవడం ఎలా?

స్క్రిప్ట్ బానే ఉంటుంది, అది చదవాల్సిన ఏరియాల లిస్టూ బానే కనిపిస్తుంది, అయినా గాజువాక అని వెతికితే దొరకదు, చివర్లో ఉన్న మధురవాడ అసలు రానే రాదు. అప్పుడు చాలామంది కోడ్ మీద పడతారు. అలా చేయకండి, ముందు ఫైల్ చూడండి. వైజాగ్‌లో ఏ షాపు నుంచి ఏరియాల లిస్ట్ తెచ్చుకున్నా అది ఎక్కువగా విండోస్‌లో ఎక్సెల్‌లోంచో నోట్‌ప్యాడ్‌లోంచో వస్తుంది, మన స్క్రిప్ట్ ఏమో లైనక్స్‌లో నడుస్తుంది, గొడవంతా అక్కడే.

ముందుగా క్యాట్ కమాండ్‌కి హైఫన్, పెద్ద ఏ ఇచ్చి ఫైల్ చూడండి. తెలుగు అక్షరాలన్నీ పిచ్చిపిచ్చిగా కనిపిస్తాయి, కంగారు పడొద్దు, లైన్ చివర మాత్రమే చూడండి. డాలర్ గుర్తు ఒక్కటే ఉంటే ఓకే, దాని ముందు టోపీ గుర్తూ ఎమ్మూ ఉంటే అది విండోస్ ఫైల్. లైనక్స్‌లో లైన్ 10 నంబర్ బైట్‌తో అయిపోతుంది, విండోస్ దానికి ముందు 13 కూడా పెడుతుంది, ఆ 13 స్క్రీన్ మీద కనబడదు కానీ మన పదానికి అతుక్కుని ఉంటుంది. యూటీఎఫ్-8లో, అంటే తెలుగు అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో, గాజువాక అంటే 21 బైట్లు, స్క్రిప్ట్ చేతికి వచ్చేది 22, ఇంక రెండూ ఈక్వల్ ఎలా అవుతాయి చెప్పండి?

మొదటి లైన్ ఒక్కటే తేడా చేస్తుంటే అది బామ్, అంటే ఫైల్ మొదట్లో కనబడకుండా ఉండే బైట్ ఆర్డర్ మార్క్. ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైల్ మొదట్లో 3 బైట్లు ఎక్కువ చేరతాయి. ఫైల్‌కి ఒక కాపీ పెట్టుకుని డాస్‌టుయునిక్స్ (dos2unix) అనే కమాండ్ నడిపితే ఈ రెండు సమస్యలూ పోతాయి. అది లేకపోతే టీఆర్ కమాండ్‌కి హైఫన్ డీ, కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్ ఇచ్చినా 13లు పోతాయి, బామ్ మాత్రం ఉండిపోతుంది. టీఆర్ అవుట్‌పుట్‌ని వేరే ఫైల్‌లోకే పంపండి, అదే ఫైల్‌లోకి పంపితే చదవకముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది, ఉన్న లిస్ట్ కాస్తా పోతుంది.

ఇప్పుడు లూప్. వైల్ తర్వాత ఐఎఫ్‌ఎస్ (లైన్‌ని ఎక్కడ విడగొట్టాలో షెల్‌కి చెప్పే వేరియబుల్) అని పెట్టి, ఈక్వల్ గుర్తు తర్వాత ఏమీ రాయకుండా ఒక స్పేస్ వదిలి, రీడ్ హైఫన్ ఆర్ లైన్ అని రాయండి. ఐఎఫ్‌ఎస్ ఖాళీగా లేకపోతే లైన్ ముందూ వెనకా ఉన్న స్పేసులు రాలిపోతాయి, హైఫన్ ఆర్ లేకపోతే బ్యాక్‌స్లాష్‌లు మాయం.

మరి మధురవాడ ఎందుకు పోయింది? ఆఖరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టి ఉండరు. రీడ్ ఆ పదాన్ని చదివి వేరియబుల్‌లో పెడుతుంది కానీ ఫైల్ అయిపోయిందని ఫెయిల్ కోడ్ ఇస్తుంది, లూప్ అక్కడే ఆగిపోతుంది. అందుకే రీడ్ పక్కన రెండు నిలువు గీతలు పెట్టి, లైన్ ఖాళీ కాకపోతే అనే టెస్ట్, అంటే బ్రాకెట్లలో హైఫన్ చిన్న ఎన్, కోట్స్‌లో డాలర్ లైన్ కలపండి. ఫైల్ మీ చేతిలో లేనప్పుడు ఇది తప్పనిసరి.

లూప్ లోపల ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే కమాండ్) వాడుతుంటే ఇంకోటుంది, అది మిగతా లైన్లన్నీ తనే మింగేస్తుంది, ఒక్క ఏరియాతోనే పని అయిపోయినట్టు ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి హైఫన్ చిన్న ఎన్ ఇవ్వండి చాలు.