దసరా దావత్‌కు కూర్చునే ముందు షుగర్ సంగతి
ఎంగిలిపూల బతుకమ్మ అయ్యిందంటే మా హన్మకొండలో దసరా లెక్కలు మొదలవుతాయి. యాట ఎవరు తెస్తారు, పోగులు ఎన్ని, సీసాలు ఎన్ని అని. ఈసారి ఆ లెక్కలో షుగర్‌ను కూడా కలపండి.

"విస్కీలో చక్కెరే ఉండదు, షుగర్ ఎట్ల వస్తది?" అనే మాట ప్రతి దావత్‌లో వింటాను. చక్కెర లేకపోవచ్చు. కానీ గ్రాము చక్కెరలో 4 కేలరీలుంటే, గ్రాము ఆల్కహాల్‌లో 7 ఉంటాయి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, అంటే 400 కేలరీల పైమాటే. అందులో కలిపే థమ్సప్, నంజుకునే వేపుడు వేరే. ఏళ్ల తరబడి ఇట్లా సాగితే పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. విపరీతంగా తాగేవాళ్లలో క్లోమం వాచి వాచి, ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతింటాయి. కల్లు అయితే ఏం కాదనుకోవద్దు, అందులో ఆల్కహాల్‌తో పాటు చక్కెర కూడా ఉంటుంది.

కొద్దిగా తాగితే షుగర్ రాదని కూడా కొందరు చెప్తారు. 2015లో 38 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఆ మేలు ఆడవాళ్లలో, ఆసియావాళ్లు కానివాళ్లలోనే కనిపించింది. మన దగ్గర గ్లాసు పట్టుకునే మగవాళ్లకు అది వర్తించదు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, మీ పొట్ట పెరుగుతుంటే, పండుగకు ముందే పరగడుపున ఒకసారి పరీక్ష చేయించుకోండి. 100 నుంచి 125 మధ్య వస్తే బార్డర్‌లో ఉన్నట్టు. అప్పుడు గ్లాసు పక్కన పెట్టడమే మంచిది.

అంతకన్నా నాకు ఎక్కువ భయం, ఇప్పటికే షుగర్ గోళీలు వేసుకునేవాళ్ల గురించి. ఒక దసరాకు మా బాబాయి పొద్దున గోళీ వేసుకుని, మటన్ ఉడికేదాకా అన్నమెందుకని పదకొండింటికే కూర్చున్నాడు. అన్నం వడ్డించేసరికి నాలుగయింది. అప్పటికే మాట తడబడుతోంది, చొక్కా వీపంతా చెమటతో తడిసింది. "ఎక్కింది, పండనియ్యిండ్రి" అన్నారు అందరూ. చిన్నమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని చూసి, "చల్లగున్నడు, ఇది తాగింది ఎక్కినట్టు లేదు" అని షుగర్ చూసే మిషన్ తెచ్చి వేలికి గుచ్చింది. 46, బాగా పడిపోయింది. గ్లాసెడు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంటకు తేరుకుని, "జమ్మికి పోయే టైమైందా?" అని అడిగాడు.

ఒంట్లో చక్కెర పడిపోతే కాలేయమే కొత్తగా తయారుచేసి రక్తంలోకి వదలాలి. ఆల్కహాల్ లోపలికి పోతే కాలేయం ముందు దాని సంగతే చూస్తుంది. గ్లిమెపిరైడ్ లాంటి గోళీలు, ఇన్సులిన్ మాత్రం చక్కెరను దించుతూనే ఉంటాయి. ఇది ఆ రాత్రి నిద్రలో, మర్నాడు పొద్దున కూడా జరగొచ్చు. చెమట, వణుకు, తడబాటు అన్నీ మత్తులాగే కనిపిస్తాయి, పైగా నోట్లో వాసన. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కాబట్టి మీ గోళీలకు మందు పడుతుందా అని ముందే డాక్టర్‌ను అడగండి. ఎంత తాగుతారో దాచకండి. వద్దంటే వద్దే, "అన్నా, ఒక్క పెగ్గు" అని ఎవరూ బలవంతం చేయొద్దు. తాగకుండా ఉండలేనంటే ముందు నాలుగు ముద్దలు అన్నం తినండి. తాగుతున్నాను కదా అని గోళీ మానేయడం, బూరెలు తిన్నానని రెండు వేసుకోవడం రెండూ ప్రమాదమే. పక్కన కూర్చునేవాళ్లలో ఒకరికైనా మీకు షుగర్ ఉందని చెప్పండి. పడుకునే ముందు వేలికి గుచ్చి చూసుకోండి, 70 కన్నా తగ్గితే చక్కెర నీళ్లు తాగి, పావుగంటకు మళ్లీ చూసి, ఏదైనా తినండి. మనిషి పలకకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు తాగాడని ఒక్కటే చెప్పి ఊరుకోకండి, షుగర్ గోళీ వేసుకున్నాడని కూడా చెప్పండి.