బండి ఆయిల్ తాగుతోందా? ఇంజన్ విప్పించే ముందు ఇవి చూడండి

"రింగులు పోయినాయన్నా. ఇంజన్ ఇప్పల్ల." బెంగళూరు కె.ఆర్. పురంలో మా ఇంటి దగ్గరి షెడ్డు మెకానిక్కు బానెట్ ఎత్తి రెండు నిమిషాలు కాకముందే తేల్చేశాడు. ముప్పై వేల పైమాట అన్నాడు. నాది పదకొండేళ్ల పెట్రోల్ బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ ఆయిల్ తాగుతోంది. రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి) పోయుంటే అతను చెప్పింది న్యాయమైన రేటే. కానీ పోయినవి రింగులు కావు, వాల్వ్ కాడల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లు. అది తెలుసుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదట ఎంత తాగుతోందో కొలవండి. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. మా వీధంతా వాలే, అందుకే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒకే స్తంభం పక్కన, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూసేవాణ్ణి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీశాక కనబడేదే లెక్క. పై గీత దాకా పోసి ఓడోమీటర్ అంకె రాసుకోండి. 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకు తేవడానికి ఎంత పట్టిందో అది మీ బండి తాగుడు. (వంటింటి కొలత జగ్గు ఈ పనికి వచ్చేసింది. ఇంట్లో ఇంకా వెతుకుతున్నారు.) నాకు 700 మి.లీ. పట్టింది. కొన్ని కంపెనీలు లీటరు దాకా మామూలేనని మాన్యువల్‌లో రాసుకుంటాయి. నేనైతే 200 దాటితే చూపిస్తాను. పై గీత దాటి మాత్రం పోయొద్దు, ఎక్కువైన ఆయిల్ నురగై ఇన్‌టేక్‌లోకి (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) వెళ్లి కాలిపోతుంది.

ఊళ్లోనే తిరిగే బండి ఇక్కడ బాగా మోసం చేస్తుంది. పాపను బళ్లో దించడం, కూరగాయలు తేవడం, అన్నీ రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లు. ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, కాలని పెట్రోలు కొంత ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ తగ్గుతున్నా డిప్‌స్టిక్ మీద మట్టం అలాగే కనిపిస్తుంది. సంక్రాంతికి అనంతపురం బయల్దేరితే హైవే వేడికి ఆ పెట్రోలు ఆవిరైపోయి మట్టం ఒక్కసారి కిందికి పడిపోయింది. హైవే మీదే తాగేసిందనుకున్నాను. అందుకే ఒక్క ప్రయాణం చూసి లెక్క కట్టకండి.

తర్వాత లీకు. రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరచండి. ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టర్, సంపు (అడుగున ఆయిల్ తొట్టి) బోల్టు, ఇంజన్‌కి గేర్‌బాక్స్‌కి మధ్య అతుకు, ఇవి చూడాల్సిన చోట్లు. నిలబడి ఉన్నప్పుడు కారని లీకు పరుగులో కారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది కూడా. కాబట్టి తడి ఎక్కడుందో కాదు, అన్నిటికంటే పైన, ముందువైపు ఎక్కడ మొదలైందో చూడండి. నా అట్టలు నాలుగు రాత్రులూ పొడిగానే ఉన్నాయి.

క్రాంక్‌కేసులోని (ఇంజన్ కింది భాగం) ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ చవక వస్తువు, దాన్ని మరవకండి. చాలా రకాల్లో బయటికి తీసి ఊపితే లోపల గలగలమనాలి. అంటుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని తోస్తుంది, లేదా తెరుచుకునే ఉండిపోయి ఆయిల్‌ని ఇన్‌టేక్‌లోకి లాగిస్తుంది.

ఇక పొగ. నల్లపొగ పెట్రోలుది, ఆగని తెల్లపొగ కూలెంట్‌ది, నీలిపొగే మనది, అంటే ఆయిల్‌ది. అది ఏ సమయంలో వస్తుందన్నదే అసలు సంగతి. ఎక్కుడులో, గట్టిగా తొక్కినంతసేపూ వస్తే రింగుల మీద అనుమానం. ఇది తేల్చుకోడానికే ఒక ఆదివారం నంది హిల్స్ పోయాం, వెనక బండిలో మా బామ్మర్ది. ఎక్కేటప్పుడు పొగ లేదు. దిగేటప్పుడు రెండో గేరులో, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి దిగాను. అప్పుడు థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) మూసుకుపోయి ఇన్‌టేక్‌లో వాక్యూమ్ బాగా పెరుగుతుంది, అరిగిన సీళ్ల పక్కనుంచి ఆయిల్ లోపలికి జారుతుంది. కొండ కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే బామ్మర్ది ఫోన్. "బావా, నీలంగా భగ్గుమంది!" రెండు క్షణాలు, అంతే, మళ్లీ ఏమీ లేదు. పొద్దున తొలి స్టార్ట్‌కి వచ్చే పొగ కూడా ఇలాంటిదే, రాత్రంతా వాల్వ్ కాడ వెంబడి దిగిన ఆయిల్. టర్బో బండైతే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) పైపు విప్పి లోపల ఆయిల్ మడుగు కట్టిందేమో చూడండి.

ఆఖరున కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తుందో గేజ్‌తో కొలవడం, ఇంకో షెడ్డులో చేయించాను. నాలుగు సిలిండర్లూ 165 నుంచి 172 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. ఎక్కడైనా తక్కువుంటే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు గానీ, హెడ్ (ఇంజన్ పైభాగం) ప్యాకింగ్ గానీ. అయితే కంప్రెషన్ బాగుందని రింగులు బాగున్నట్టే అనుకోవద్దు. ఆయిల్ గీకే రింగు వేరే ఉంటుంది, అది మసి పట్టి బిగుసుకుపోయినా గేజ్‌లో తెలియదు. నాకు ధైర్యమిచ్చింది గేజ్ కాదు, కొండ కింది పొగ, నల్లగా జిడ్డోడుతున్న మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు.

సీళ్లు జె.సి. రోడ్డులో కొన్నాను. ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఒత్తిడి పెట్టి, వాల్వ్‌లు కిందికి పడకుండా ఆపి, హెడ్ దించకుండానే మార్చారు. ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్లకు 150 మి.లీ. మాత్రమే తాగింది. సీళ్లు మార్చాక మూడు రోజులు పొగ వస్తూనే ఉంటే కంగారుపడి షెడ్డుకు పరిగెత్తాను. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ అది, కాలిపోయేదాకా వస్తుందట.