చదువు గేమ్‌లో కొనుగోళ్లు: పిల్లలకు ఫోన్ ఇచ్చే ముందు

ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ‘ఇన్-యాప్ పర్చేజెస్’ అని కనిపిస్తే వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. ‘అబౌట్ దిస్ యాప్’లో కిందికి వెళ్తే ఒక్కో వస్తువు ధర ఎంత నుంచి ఎంత వరకో ఉంటుంది. ఎక్కాలు నేర్పే గేమ్‌లో పై ధర వేలల్లో ఉంటే అది ఏడాది చందా కావచ్చు, గేమ్‌లో డబ్బులా వాడే వజ్రాల మూట కావచ్చు. ఏదో తెలియాలంటే ఆడి చూడాల్సిందే.

ముందు మీరే ఓ ఇరవై నిమిషాలు ఆడండి. కొన్ని జవాబులు కావాలనే తప్పు చెప్పండి. కొనమనే తెర ఎప్పుడొస్తోందో గమనించండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన సెట్టింగ్స్‌లో ధర చూపిస్తే సరే. సరైన జవాబు చెప్పిన మరుక్షణం బహుమతి పెట్టె చూపించి, దానికి తాళం వేసి ఉంచితే మాత్రం అది పిల్లల సంతోషం మీద చేసే వ్యాపారం. వద్దంటే బొమ్మ ఏడ్చే గేమ్‌ను ఇంకేమీ చూడకుండా తీసేయండి.

వజ్రాల లెక్క కూడా చూడండి. వస్తువు 80 వజ్రాలు, మూట మాత్రం 100. మిగిలిన 20 ఎందుకూ చాలవు, అందుకే మళ్లీ కొనాలి. రూపాయి వజ్రంగా మారాక ఏడేళ్ల పిల్లకి ధర అర్థం కాదు.

ఇక డబ్బు తీసుకునేది పాఠానికా, హోదాకా అన్నది అసలు ప్రశ్న. ప్రాడిజీ అనే గణితం గేమ్ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) పిల్లల తరఫున పనిచేసే ఫెయిర్‌ప్లే సంస్థ ఇచ్చిన ఫిర్యాదు ఇదే: బడిలో ఉచితమని మొదలుపెట్టించి, ఇంట్లో సభ్యత్వం కొనమంటోందని, కొన్న పిల్లలు మేఘాల మీద తేలుతుంటే కొననివాళ్లు నేల మీద నడుస్తారని. అదనపు పాఠాలకు ఒకేసారి డబ్బు తీసుకోవడం న్యాయమే, టీచర్లకు జీతాలివ్వాలి. తోటి పిల్లల ముందు చిన్నబుచ్చి అమ్మడం న్యాయం కాదు.

ఇప్పుడు కొనుగోళ్లకు తాళం. పిల్లల ఫోన్ వాడకాన్ని పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లోని అనుమతులు పిల్లల ఖాతాకే పనిచేస్తాయి. మన ఇళ్లలో పిల్లలు ఆడేది అమ్మ ఫోన్‌లో, అమ్మ ఖాతాతో. కాబట్టి ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి, సెట్టింగ్స్‌లో ‘పర్చేజ్ వెరిఫికేషన్’ను ప్రతి కొనుగోలుకూ అడిగేలా మార్చండి. ‘ప్రతి 30 నిమిషాలకు’ అన్నది వద్దు: ఒకసారి పాస్‌వర్డ్ కొడితే అరగంట పాటు పిల్లలు ఎన్నైనా కొనొచ్చు. 2014లో అమెరికాలో గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు వాపసు ఇవ్వాల్సి వచ్చిన కేసులో ప్రస్తావనకు వచ్చింది ఈ అరగంటే. ఫోన్‌లో పిల్లల వేలిముద్ర ఉంటే తీసేయండి, లేకపోతే ఈ తాళం ఉన్నా లేనట్టే. ప్లే స్టోర్‌లో సేవ్ చేసిన కార్డునూ తొలగించండి.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి, ‘కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్’లో ఇన్-యాప్ పర్చేజెస్‌ను ‘డోంట్ అలౌ’ చేయండి.

చాలామంది మోసపోయేది ఫ్రీ ట్రయల్‌తో. ట్రయల్ మొదట్లోనే ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, పెట్టించుకుంటారు. ఆ తర్వాత రూ.15,000 లోపు చందాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. గేమ్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లోని ‘సబ్‌స్క్రిప్షన్స్’లో రద్దు చేసి, యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూసుకోండి.

డబ్బు పోయిందా? గూగుల్‌కు వాపసు అభ్యర్థన 48 గంటల్లోపే పెట్టండి, ఆలస్యమైతే గేమ్ తయారీదారును అడగమంటారు. అభ్యర్థనకు ముందే కొనమన్న తెరల స్క్రీన్‌షాట్లు తీయండి. అబద్ధపు తొందర పెట్టడం, వద్దన్నవాళ్లను సిగ్గుపడేలా చేయడం మన దేశంలో 2023 డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మాయచేసే ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లోవే. వాపసు రాకపోతే ఆ చిత్రాలతో, మెయిల్‌కు వచ్చిన రసీదులో జీపీఏతో మొదలయ్యే ఆర్డర్ నంబర్‌తో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.